ఎస్టీమ్‌ని రేసు కారు చేస్తున్నా, అక్కర్లేని వైరింగ్ ఎలా తియ్యాలి?

ఆమదాలవలస ఎస్టీమ్ | శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది ఆమదాలవలస. పోయిన నెల పలాస దగ్గర ఒకాయన నుంచి 2003 మోడల్ మారుతి ఎస్టీమ్ కొన్నాను. ఎంపీఎఫ్ఐ ఇంజను, తాళం తిప్పితే చక్కగా స్టార్టవుతోంది. దీన్ని మళ్లీ రోడ్డు మీద తిప్పే ఉద్దేశం లేదు. ట్రాక్ కారుగా మార్చి చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టై రేసు ట్రాక్‌కి తీసుకెళ్లాలని మూడేళ్లుగా డబ్బు కూడబెడుతున్నాను. సీట్లు, కార్పెట్టు, డోర్ ప్యాడ్లు, రూఫ్ గుడ్డ, ఏసీ అన్నీ విప్పేశాను. ఇక మిగిలినవి వైర్లే. డ్యాష్‌బోర్డు కింద జడంత లావు కట్ట ఉంది, దాంట్లోంచి నాలుగు దిక్కులకీ పాయలు పోతున్నాయి.

పవర్ విండోలు, సెంట్రల్ లాకింగు, స్టీరియో, ఏసీ, రూఫ్ లైటు, డిక్కీ లైటు నాకు అక్కర్లేదు. సాకెట్ల దగ్గర కట్ చేసి లాగేస్తే సరిపోతుందా? ఇక్కడ ఒక ఎలక్ట్రీషియన్ రెండు గంటల పని అన్నాడు. పది, పదిహేను కిలోల బరువు తగ్గుతుందని కూడా విన్నాను. ఈ పని చేసినవాళ్లు ఉంటే చెప్పండి.

మూడులాంతర్లు | శనివారం రాత్రి 10:15

తమ్ముడూ, బండి కొన్నందుకు సంతోషం. ఇది సర్క్యూట్‌కేనా, అంటే రేసు ట్రాక్ మీదేనా, ర్యాలీకి కూడా తిప్పుతావా? అది తేలేదాకా కటింగ్ ప్లేయరు పట్టుకోకు.

ర్యాలీ అయితే ఒక స్టేజి నుంచి ఇంకో స్టేజికి మామూలు రోడ్డు మీద, లారీల మధ్యే వెళ్లాలి. హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, హారను అన్నీ పనిచెయ్యాలి. వట్టి సర్క్యూట్ అయితే వాటిలో చాలా తీసెయ్యొచ్చు. అయినా బ్రేక్ లైట్లు, వెనక వాన లైటు, వైపరు ఉంచుకోవాల్సిందే. నువ్వు దిగే క్లాసు రూలు పుస్తకం ముందు చదువు. అందులో ఉండాలన్న ప్రతి లైటూ రాసుకుని, ఆ కాగితం గోడకి అంటించి అప్పుడు మొదలెట్టు.

బ్లోయరు కూడా పూర్తిగా తీసెయ్యకు. మూసిన కారులో వాన పడినప్పుడు ముందు అద్దం లోపల ఆవిరి పడితే ఏమీ కనపడదు. నేను ఒకసారి చేతి గ్లవుజుతో అద్దం తుడుచుకుంటూ రెండు ల్యాపులు తిప్పాను, మళ్లీ అలాంటి పని చెయ్యను. ఏసీ తీసెయ్యి, అద్దం మీదకి గాలి కొట్టే బ్లోయరుని, దాని రెండు వైర్లని వదిలెయ్యి.

లైట్లు, హారను పీకేశాక ఆ బండి రోడ్డెక్కకూడదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చడానికి ఒప్పుకోదు. ట్రయల్ అని ఊరి రోడ్డు మీదకి తేవద్దు. చెన్నైకి ఫ్లాట్‌బెడ్ మీదే తీసుకెళ్లు.

పాతవైరు | ఆదివారం ఉదయం 6:05

బావూ, విజయనగరం కోట జంక్షన్ దగ్గర ముప్పై ఏళ్లు ఆటో ఎలక్ట్రికల్ షాపు నడిపి మానేసినవాణ్ని. మా అబ్బాయి నీ పోస్టు చూపించాడు. ఆ రెండు గంటల పని అన్న మాట చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

ఏటంటే, వైరు సాకెట్ దగ్గర బయల్దేరి తిన్నగా ఫ్యూజు బాక్సులోకి పోతాదని అందరూ అనుకుంటారు. అలాగుండదు. మధ్యలో టేపు కింద జాయింట్లుంటాయి. కంపెనీవాడే నాలుగైదు తీగలు ఒకచోట కలిపి, ఇత్తడి క్లిప్పుతో నొక్కి, పైన టేపు చుట్టేస్తాడు. బయటికి అగుపడదు. నువ్వు అక్కర్లేదని కోసిన తీగ మీద నీకు కావలసిన ఇంకోటి బతుకుతూ ఉండొచ్చు.

నా షాపుకి ఒక కుర్రాడు మారుతి జెన్ కారు తోయించుకొచ్చాడు. రేసుకని వెనకాల డిక్కీ లైటు, నెంబరు ప్లేటు లైటు తీసేశాడు. అప్పట్నించీ బండి స్టార్టవ్వదు. రెండు రోజులు ప్లగ్గులు, కాయిలు, ఫిల్టరు అన్నీ మార్చేశాడు పాపం. నేను పెట్రోలు పంపు సాకెట్ విప్పి టెస్ట్ లాంపు పట్టుకున్నాను. తాళం తిప్పగానే పంపుకి రెండు మూడు సెకన్లు కరెంటు వస్తాది కదా, ఆ వ్యవధిలోనే చూడాలి. లాంపు క్లిప్పు బాడీకి పెట్టి పాజిటివ్ పిన్ను ముట్టుకుంటే భగ్గున వెలిగింది. అదే క్లిప్పు తీసి సాకెట్లో రెండో పిన్నుకి పెడితే వెలగలేదు. కరెంటు వస్తోంది, తిరిగి పోడానికి దారి లేదు. పంపు ఎర్తూ డిక్కీ లైటు ఎర్తూ ఒకే జాయింటు, ఆ జాయింటు నుంచి బాడీకి పోయే తీగనే కోసేశాడు.

అందుకని కారులో ఉండగా కొయ్యకు. బ్యాటరీ విప్పు, డ్యాష్‌బోర్డు దించు, కట్ట మొత్తం బయటికి తీసి నేల మీద పరువు. అప్పుడు టేపు విప్పు. అక్కర్లేని సాకెట్ పట్టుకుని తీగ వెంట వేళ్లతో జాయింటు దాకా నడువు. అక్కడ తీసి, ఆ జాయింటుని మళ్లీ మూసెయ్యి. రెండో కొన ఫ్యూజు బాక్సులో ఉంటే పిన్నుతో సహా లాగు. కోసి వదిలేస్తే ఆ ముక్క కరెంటుతోనే ఉంటాది, ఎప్పుడో ఒకనాడు బాడీకి తగుల్తాది.

సన్నతీగ | ఆదివారం ఉదయం 11:20

బరువు గురించి అడిగారు కాబట్టి లెక్క చెప్తాను. శ్రీకాకుళంలో డిప్లొమా పిల్లలకి ఎలక్ట్రికల్ పాఠాలు చెప్తుంటాను.

రాగి సాంద్రత ఘన సెంటీమీటరుకి 8.96 గ్రాములు. అంటే 1 చదరపు మిల్లీమీటరు తీగ మీటరుకి దాదాపు 9 గ్రాములు తూగుతుంది. చిన్న బల్బులకి, స్విచ్చులకి వెళ్లేది 0.5 చదరపు మిల్లీమీటరు అనుకుంటే, అలాంటిది 100 మీటర్లు పీకినా వచ్చే రాగి 450 గ్రాములు. పైన ప్లాస్టిక్కు, సాకెట్లు, టేపు కలుపుకోండి. విండో మోటార్లు, స్పీకర్లు, లాక్ మోటార్లు తీస్తే బరువు తగ్గే మాట నిజమే. వట్టి తీగల మీద పది కిలోలు రావు.

అయినా ఈ పని చెయ్యమనే అంటాను. బరువు కోసం కాదు. ట్రాక్‌లో ఇంజను ఆగిపోయి, రెండో సెషనుకి ఇరవై నిమిషాలే ఉన్నప్పుడు రెండొందల తీగల్లో తప్పు వెతకడం వేరు, నలభై తీగల్లో వెతకడం వేరు. పైగా ప్రతి పాత జాయింటూ కాస్త వోల్టేజి తినేస్తుంది. పంపు 6 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. 1 చదరపు మిల్లీమీటరు తీగ 5 మీటర్లు ఉంటే రెసిస్టివిటీ 0.0175తో లెక్కేస్తే 0.525 వోల్టు తీగలోనే పోతుంది. తుప్పు పట్టిన జాయింట్ల నష్టం దీనికి అదనం. పంపుకి వెళ్లే తీగ కొత్తది, లావుది వేసుకుంటే మంచిది.

ఆమదాలవలస ఎస్టీమ్ | ఆదివారం రాత్రి 8:50

అందరికీ ధన్యవాదాలు. మూడులాంతర్లు అన్నయ్యా, సర్క్యూట్‌కే. పాతవైరు గురువుగారూ, మీ మాట విని ఆ ఎలక్ట్రీషియన్‌ని రావద్దన్నాను.

ఇవాళ డ్యాష్‌బోర్డు దించాను. డ్రైవరు కాళ్ల దగ్గర ఫ్లోరు మీద పోయే కట్ట చుట్టూ ఎండిన బురద కనపడింది. అమ్మినాయన్ని ఫోన్లో గట్టిగా అడిగితే అప్పుడు చెప్పాడు, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు బండి పెరట్లో నీళ్లలో ఒక పూటంతా నిలబడిందట. కొనేటప్పుడు ఈ ముక్క చెప్పలేదు. చాలా బాధేసింది. ఇప్పుడు ఈ వైరింగ్‌ని నమ్మొచ్చా?

పాతవైరు | సోమవారం ఉదయం 5:50

బాధపడకు బావూ. తిత్లీ నీళ్లు తాగిన బళ్లు చాలా చూశాను, పలాస, సోంపేట వైపు నుంచి వచ్చేవి. నీళ్లు పోయాక బానే నడుస్తాయి. ఏడాదికో రెండేళ్లకో జాయింట్లు చిలుం పడతాయి. టేపు విప్పి చూడు. పచ్చటి పొడి రాల్తే ఆ జాయింటు పోయినట్టే. దాని పక్కన తీగ పైతొడుగు ఒక అంగుళం ఒలువు. లోపల రాగి ఎర్రగా ఉంటే సరే. నల్లగా ఉంటే ఇంకో అంగుళం ఒలువు. నీరు తొడుగు లోపల్నుంచి పాకుతాది, జానెడు దాకా నల్లబడినవి కూడా చూశాను. నల్లటి రాగికి సోల్డరు పట్టదు, క్రింపు చేసినా, అంటే క్లిప్పులో పెట్టి ప్లేయరుతో నొక్కినా, సరిగ్గా పట్టు ఉండదు. ఎర్ర రాగి దొరికేదాకా కోసి, అక్కణ్నించి కొత్త తీగ అతుకు.

ఎయిర్‌బ్యాగ్ పసుపు | సోమవారం మధ్యాహ్నం 1:30

ఎస్టీమ్ కాబట్టి తేలిగ్గా బయటపడతారు. నేను స్విఫ్టుతో పడ్డ పాట్లు చెప్తాను, కొత్త బళ్లు విప్పేవాళ్లకి పనికొస్తుంది.

స్టీరింగు దగ్గర తాళం చుట్టూ ఉండే రింగు, దాని చిన్న బాక్సు అక్కర్లేదనుకుని తీసేశాను. అది ఇమ్మొబిలైజరు. తాళంలో ఉన్న చిప్పుని చదివి ఇంజనుని నడిపే కంప్యూటరుకి, అంటే ఈసీయూకి, సరేనని చెప్పేది అదే. అది చెప్పకపోతే ఇంజను నడవదు. మళ్లీ తెచ్చి బిగించాల్సి వచ్చింది.

పసుపు రంగు సాకెట్లు ఎయిర్‌బ్యాగువి. బ్యాటరీ విప్పి, మాన్యువల్లో రాసినంత సేపు ఆగి, అప్పుడే ముట్టుకోండి. ఆ పిన్నుల మీద మల్టీమీటరుతో ఓమ్స్ చూడొద్దు, మీటరు పంపే ఆ చిన్న కరెంటుకే పేలే ప్రమాదం ఉంది.

క్యాన్ వైర్లున్న (బండిలోని కంప్యూటరు బాక్సులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే లైను) బండి అయితే రెండు తీగలు మెలిపెట్టి ఉంటాయి. ఆ లైనుకి రెండు చివర్లా 120 ఓమ్స్ రెసిస్టర్లుంటాయి, అవి ఏదో ఒక బాక్సు లోపల దాక్కుని ఉంటాయి. బ్యాటరీ విప్పి ఆ రెండు తీగల మధ్య కొలిస్తే 60 ఓమ్స్ దగ్గర చూపించాలి. ఒక బాక్సు పీకాక 120 చూపిస్తే చివర రెసిస్టరు ఆ బాక్సుతో పోయిందన్నమాట. నేను ఒక్కో బాక్సు తీసిన ప్రతిసారీ కొలిచాను.

ఆమదాలవలస ఎస్టీమ్ | బుధవారం రాత్రి 10:20

కట్ట మొత్తం బయటికి వచ్చింది. తియ్యడానికే రెండు సాయంత్రాలు పట్టింది. ఇంజను గదిలోంచి లోపలికి వచ్చే పెద్ద రబ్బరు గ్రోమెట్ దగ్గర చాలా ఓపిక పట్టాల్సి వచ్చింది.

ధాన్యం ఆరబోసే టార్పాలిన్ పెరట్లో పరిచాం. మా అమ్మ ముగ్గు పిండితో దాని మీద కారు ఆకారం గీసింది. చక్రాలు, బానెట్టు, డ్యాష్‌బోర్డు, పంపు ఎక్కడో అన్నీ. ఆ గీతల మీద కట్టని కారులో ఎలా ఉండేదో అలాగే పరిచాను. ఏ పాయ ఎటు పోతోందో ఒక్క చూపులో తెలిసిపోతోంది. ప్రతి సాకెట్‌కీ రెండు వైపులా చీటీ కట్టి నోటుబుక్కులో రాస్తున్నాను. పిన్ను నెంబరు, తీగ రంగు, దాని మీద గీత రంగు, ఎక్కడికి పోతోంది, ఉంచాలా తియ్యాలా. ఇప్పటికి పదకొండు పేజీలు.

ఇవాళ టేపు విప్పుతుంటే ప్యాసింజరు వైపు కాళ్ల దగ్గర గురువుగారు చెప్పిన జాయింటు దొరికింది. ఆరు నల్ల తీగలు ఒకే క్లిప్పులో. క్లిప్పు చుట్టూ పచ్చటి చిలుం పేరుకుని, గోరుతో గీకితే పొడిలా రాలింది. ఒక తీగ పట్టుకుని కొంచెం లాగగానే ఊడి చేతిలోకి వచ్చేసింది. ఆ ఆరింట్లో ఒకటి ఈసీయూ ఎర్తు. చూసి ఒళ్లు జలదరించింది. దీంతోనే నేను పలాస నుంచి ఇంటిదాకా నడుపుకొచ్చాను.

నాగావళి గట్టు | గురువారం ఉదయం 7:45

ఇదంతా చదివాక నా సలహా వేరు. మొత్తం పారేసి కొత్త కట్ట కట్టుకోండి. ఇరవై ఏళ్లు దాటిన తీగ, నీళ్లలో నానింది. బాగుచెయ్యడానికి పట్టే రోజులు కొత్తది కట్టడానికీ పడతాయి.

పాతవైరు | గురువారం ఉదయం 9:10

నాగావళి గట్టు గారూ, మీ మాటలో సగం ఒప్పుకుంటాను. ఫ్లోరు మీద పోయే కట్ట పారెయ్యాల్సిందే, పంపు తీగ, వెనక లైట్ల తీగలు కొత్తవి వెయ్యాలి. ఇంజను కట్ట మాత్రం పైన ఉంటాది, నీళ్లు అక్కడిదాకా రాలేదు. ఇంజక్టర్ల సాకెట్లు, ఇంజను తిరుగుడుని కనిపెట్టే క్రాంక్ సెన్సరు సాకెట్, ఈసీయూ పిన్నులు కొత్తవి దొరకడం కష్టం. బజార్లో దొరికే నకిలీ పిన్ను వదులుగా కూర్చుంటే వేడెక్కినప్పుడు మిస్సింగు వస్తాది, ఆ జబ్బు పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. మంచిగా ఉన్న కంపెనీ పిన్నుని ముట్టుకోకుండా వదిలెయ్యడమే మేలు.

క్రాంక్ సెన్సరు తీగకి చుట్టూ జాలీ ఉంటే దాన్ని అస్సలు విప్పొద్దు. ఆల్టర్నేటరు, కాయిలు వైర్ల పక్కన కట్టొద్దు.

సన్నతీగ | గురువారం సాయంత్రం 6:30

అతుకుల గురించి ఒక మాట. సోల్డరింగు గట్టిగా ఉంటుందని చాలామంది నమ్ముతారు. సోల్డరు తీగ పోగుల్లోకి పాకి, అతుకు అయిపోయిన చోట తీగని కడ్డీలా బిరుసు చేస్తుంది. అదిరే బండిలో సరిగ్గా అక్కడే విరుగుతుంది. మంచి క్రింపింగ్ ప్లేయరు కొనండి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవు వేడిచేస్తే నీరు దూరదు. మెలిపెట్టి టేపు చుట్టడం మాత్రం వద్దు. మన ఎండకి జిగురు కరిగి టేపు జారిపోతుంది.

ఫ్యూజు కాపాడేది తీగని. 10 ఆంపియర్ల ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే 20 వెయ్యకండి, పోవడానికి కారణం వెతకండి.

మూడులాంతర్లు | గురువారం రాత్రి 9:05

కట్ట మళ్లీ కారులోకి పెట్టకముందే కిల్ స్విచ్చు, అంటే ప్రమాదంలో కరెంటంతా ఒక్కసారిగా తెంపే స్విచ్చు, సంగతి తేల్చుకో తమ్ముడూ, తర్వాత పెట్టాలంటే మళ్లీ అంతా విప్పాలి.

ప్రపంచ మోటారు రేసుల సంస్థ ఎఫ్ఐఏ రూలు ప్రకారం ఆ స్విచ్చు అన్ని సర్క్యూట్లూ తెంపాలి, ఇంజను కూడా ఆగాలి. డ్రైవరు సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చుని అందుకోగలగాలి, బయటి నుంచి ట్రాక్ సిబ్బంది (మార్షల్) కూడా లాగగలగాలి. బయటిది ముందు అద్దం ఫ్రేము కింది మూల దగ్గర ఉంటుంది. తెల్ల అంచున్న నీలి త్రికోణంలో ఎర్ర మెరుపు గుర్తు, అడుగు కనీసం 12 సెంటీమీటర్లు.

ఇంజను తిరుగుతుండగా బ్యాటరీని మాత్రమే తెంపితే ఆల్టర్నేటరే కరెంటిచ్చి ఇంజను నడిపిస్తూనే ఉంటుంది. పైగా బ్యాటరీ ఒక్కసారిగా పోతే వోల్టేజి ఎగబాకి ఈసీయూ కాలిపోవచ్చు. అందుకే ఆరు టెర్మినల్స్ ఉన్న స్విచ్చు తీసుకో. రెండు లావువి బ్యాటరీకి. సన్నవాటిలో ఒక జత ఇగ్నిషన్‌ని తెంపుతుంది, ఇంకో జత ఆల్టర్నేటరు కరెంటుని ఒక రెసిస్టరు గుండా ఎర్తుకి మళ్లిస్తుంది. బిగించాక ఇంజను స్టార్ట్ చేసి, స్విచ్చు తిప్పి, ఆగుతోందో లేదో కళ్లారా చూడు. ఆగకపోతే ఫ్లాట్‌బెడ్ ఎక్కించకు.

ఆమదాలవలస ఎస్టీమ్ | పైవారం మంగళవారం రాత్రి 11:00

కట్ట కారులోకి వెళ్లింది. తీసిన తీగలు, సాకెట్లు, టేపు అన్నీ సంచిలో వేసి కిరాణా కాటా మీద పెడితే 3 కిలోల 800 గ్రాములు. సన్నతీగ గారి లెక్కే నిజమైంది. రేకులోంచి తీగ దూరే ప్రతి చోటా రబ్బరు గ్రోమెట్ వేశాను. ఎర్తులు బిగించే చోట పెయింటు గీకి, రేకు మెరిసేదాకా రుద్ది, బోల్టు బిగించాక పైన గ్రీజు పూశాను.

రెండో సెల్ఫుకే ఇంజను అందుకుంది. పెరట్లో అందరం చప్పట్లు కొట్టాం. కిల్ స్విచ్చు తిప్పితే వెంటనే ఆగింది.

ఒక్క సమస్య మిగిలింది. ఇంజను నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 12.3 వోల్టులే చూపిస్తోంది. రేసు చేసినా పెరగడం లేదు, పైగా మెల్లగా దిగుతోంది. ఆల్టర్నేటరు మొన్నటిదాకా బాగానే చార్జింగు చేసింది. బెల్టు బిగువుగానే ఉంది. మీటరు బోర్డు తీసేశాను, దాని బదులు టెంపరేచరు, ఆయిల్ ప్రెషరు గేజీలు విడిగా పెట్టాను.

పాతవైరు | బుధవారం ఉదయం 5:40

ఆల్టర్నేటరు వెనక ఎన్ని తీగలున్నాయి?

ఆమదాలవలస ఎస్టీమ్ | బుధవారం ఉదయం 6:20

రెండే గురువుగారూ. ఒకటి లావుది, బ్యాటరీకి. ఒకటి సన్నది. ఇది కంపెనీతో వచ్చిన ఆల్టర్నేటరు కాదు, పాత ఓనరు ఏదో వేరేది వేయించాడట.

పాతవైరు | బుధవారం ఉదయం 6:35

అదే అనుకున్నాను. ఆ సన్న తీగ మీటరు బోర్డులో బ్యాటరీ బొమ్మ బల్బుకి పోతాది. తాళం తిప్పగానే ఎర్రగా వెలిగేది అదే. ఆ బల్బు గుండా వచ్చే చిన్న కరెంటే ఆల్టర్నేటరుని నిద్ర లేపుతాది. నువ్వు మీటరు బోర్డుతోపాటు ఆ బల్బునీ తీసేశావు, ఇంక దాన్ని లేపేవాడు లేడు.

12 వోల్టు 3 వాట్ల బల్బు, హోల్డరుతో సహా తెచ్చుకో. బల్బు ఒక కొన ఇగ్నిషన్ ఆన్‌లో కరెంటు వచ్చే తీగకి ఫ్యూజు ద్వారా ఇవ్వు, రెండో కొన ఆ సన్న తీగకి. ఎల్ఈడీ పెట్టకు, దాంట్లోంచి చాలినంత కరెంటు పోదు. బల్బు కళ్ల ముందే పెట్టు, ట్రాక్‌లో బెల్టు తెగితే వెలిగి చెప్తాది.

ఆమదాలవలస ఎస్టీమ్ | బుధవారం సాయంత్రం 7:15

స్పీడు గేజీ ఉండాల్సిన చోట హోల్డరు బిగించాను. తాళం తిప్పితే వెలిగింది. ఇంజను అందుకోగానే ఆరిపోయింది. మీటరులో 14.1. బ్లోయరు, వైపరు, ఫ్యాను, బ్రేక్ లైట్లు అన్నీ ఒకేసారి వేసినా 13.7కి తగ్గలేదు.

గురువుగారూ, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. శుక్రవారం రాత్రి ఫ్లాట్‌బెడ్ వస్తోంది.

పాతవైరు | బుధవారం రాత్రి 8:00

ఆ నోటుబుక్కు జిరాక్సు తీయించి ఒకటి ఇంట్లో ఉంచు, ఒకటి టూల్ బాక్సులో పెట్టు. తీసిన తీగలు పాత సామాన్ల వాడికి వెయ్యకు బావూ. వాటిలో ఎర్ర రాగి ఉన్నవి ఏరి, పిన్నులతో సహా చుట్టలు చుట్టి చెన్నై పట్టుకెళ్లు. అక్కడ నీ తీగ రంగు ఇంకెక్కడా దొరకదు.